పెద్దాయన చూసుకున్న చోటు

1996 జూలై 18. గురువారం. దోహాకి దక్షిణాన మెసయీద్ కంపెనీ క్వార్టర్లలో ఇరవై ఏడో నంబరు ఇల్లు.

మధ్యాహ్నం పన్నెండు యాభైకి ఆ ఇంట్లో నలుగురున్నారు.

హాల్లో సోఫా మీద టాన్ గారు. ఎరువుల ఫ్యాక్టరీలో సీనియర్ ఇంజనీరు. మలేసియాలో స్థిరపడ్డ చైనా కుటుంబం. మూడు రోజుల కిందట ఆయన తండ్రి పోయాడు. శవం ఆసుపత్రి మార్చురీలో ఉంది.

ఆయనకి ఎదురుగా వాళ్ళక్క సియూ. నిన్న సాయంత్రం విమానంలో దిగింది. ఒళ్ళో చైనా పంచాంగం తెరిచి ఉంది. పక్కన బల్ల మీద తండ్రి ఫోటో, దాని ముందు ఊదుబత్తులు.

వరండాలో వెస్లీ. బందరు మనిషి. కంపెనీ సర్వే సెక్షన్‌లో ఉద్యోగం. లోపలికి రమ్మని మూడుసార్లు పిలిచినా రాలేదు.

వంటింట్లో నేల మీద ఆంజనమ్మ. ఆ ఇంటి పనిమనిషి. రాయచోటి దగ్గర పల్లె.

ఐదో మనిషి ఉండాలి. లేడు. ఆంజనమ్మ భర్త, ఆ ఇంటి డ్రైవరు ఓబులేసు. తెల్లవారుజామున కారు తీసుకుని వెళ్ళినవాడు ఇంకా తిరిగి రాలేదు.

బయట నలభై ఆరు డిగ్రీల ఎండ.

జయకుమారి చేతిలో ఫైలుతో గుమ్మంలో చెప్పులు విప్పింది. ఆమె పోలీసు కాదు. కంపెనీ సెక్యూరిటీ ఆఫీసులో రిపోర్టులు టైపు చేసే గుమాస్తా. నరసాపురం మనిషి. నలుగురిలో మాట్లాడాలంటే ఆమెకి గొంతు పెగలదు. పనిమనిషికి తెలుగు తప్ప ఇంకో భాష రాదు గనక ఆఫీసు జయకుమారిని పంపింది.

ఫైల్లో ఒకటే కాగితం. ఓబులేసు పేరు, పాస్‌పోర్ట్ నంబరు, కారు నంబరు. వాటి కింద ఒక మాట ముందే టైపు చేసి ఉంది. అబ్‌స్కాండింగ్. పారిపోయిన మనిషి అని. టైపు చేసింది ఆమే.

భార్య వేలిముద్ర ఒకటి కావాలి. అంతే పని.

వంటింట్లో ఆంజనమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చుంది. జయకుమారి పక్కనే చతికిలబడింది.

"ఎన్ని గంటలకి వెళ్ళాడు?"

"అయిదుకు పది నిమిసాలుండంగ."

"ఒక్కడేనా?"

"ఆ వరండాలో సారూ, మా ఆయప్పా. ఇద్దురూ."

"ఏం తీసుకెళ్ళాడు?"

"రెండు బాటిళ్ళు నీళ్ళు. ఒక కుబ్బూసు రొట్టె. గొడుగు. ఎర్రగుడ్డ గట్టిన గుంజ, సుత్తి. ముసలాయన పలక."

"పలకేంటి?"

"గుండ్రంగా ఉంటాది. నడుమ ముల్లు తిరుగుతాది. సమాధికి దిక్కు సూసే పలక. సచ్చిపోయేదాకా ఆ ముసలాయన తలకాడే పెట్టుకున్న్యాడు."

"బట్టలు సర్దుకున్నాడా?"

ఆంజనమ్మ తలెత్తింది. "యాడికి పోతాడని సర్దుకుంటాడమ్మా? బీపీ మాత్తర్లు గూడా ఆ డబ్బాలోనే ఉండాయి. సూస్తావా?"

"పోయిన నెల పాస్‌పోర్ట్ అడిగాడట కదా, రెండుసార్లు."

"అడిగినాడు. పాపకి కాలిరిగింటే సూసొస్తానని అడిగినాడు. టాన్ సారు ఇయ్యలేదు. అయితే? అడిగినోళ్ళంతా పారిపోతారా?"

జయకుమారి ఫైలు తెరిచింది. ఇంకుప్యాడ్ తీసి నేల మీద పెట్టింది. "ముందు ఇక్కడ వేలిముద్ర వెయ్యి, ఆంజనమ్మా."

"ఏం రాసినారు దాంట్లో?"

జయకుమారి చెప్పింది. చెప్పక తప్పలేదు.

ఆంజనమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "నా మొగుడు దొంగని నేనే ముద్దర ఎయ్యాల్నా? ఎడార్లో యాడో పడిండాడమ్మా. ఎదకండి. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాగితం అవ్వాలి. కాగితం లేకుండా ఇక్కడ ఎవరూ కదలరు."

"కాగితమైతే కదుల్తారా?"

లేదు. కదలరు. పారిపోయినవాడి కోసం ఎడారిలో ఎవరూ వెతకరు. ఆ కేసు దోహాకి పోతుంది. రేపు శుక్రవారం. శనివారం దాకా ఎవరూ దాన్ని తెరవరు. రెండు బాటిళ్ళ నీళ్ళతో మనిషి శనివారం దాకా ఉండడు.

ఆంజనమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. జయకుమారి ఇంకుప్యాడ్ మూసి లేచింది. వేలిముద్ర లేకుండా.

ఒంటిగంటా ఐదు.

హాల్లో సియూ ఆమెకి కుర్చీ చూపించింది. ఆవిడ ఇంగ్లీషు నిదానంగా, విడివిడిగా ఉంది. జయకుమారికి ధైర్యం వచ్చింది.

"మేడమ్, ఇంత పొద్దున్నే ఓబులేసుని ఎందుకు పంపారు?"

"నాన్న సమాధికి గుంజ పాతడానికి. చోటు ఆయనే చూసుకున్నాడు. గుంజ పాతే ఘడియ పంచాంగం చెప్తుంది. ఈ రోజు ఉదయం ఐదు నుంచి ఏడు. కుందేలు ఘడియ."

"మీరు ఎందుకు వెళ్ళలేదు?"

"నేను కోడి సంవత్సరంలో పుట్టాను. పన్నెండేళ్ళ తర్వాత వీడూ కోడిలోనే పుట్టాడు. కుందేలుకి కోడి పడదు. మేమిద్దరం అక్కడ ఉంటే నాన్నకి మంచిది కాదు. బయటివాళ్ళనే పంపాలి. మిస్టర్ వెస్లీకి చోటు తెలుసు. రెండేళ్ళ కిందట నాన్నతో వెళ్ళింది ఆయనే."

"ఓబులేసుకి?"

"వాళ్ళు ఈ ఇంటికి వచ్చి ఏడాదే అయింది," అన్నాడు టాన్. "ఆ చోటు వాడు ఎప్పుడూ చూడలేదు."

సియూ పంచాంగం పక్కన పెట్టి రెండు చేతులూ ముందుకి చాపింది, ఎవరినో ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టు.

"సమాధి కుర్చీలా ఉండాలి. వీపుకి కొండ. ఎడమ చెయ్యి డ్రాగన్, కుడి చెయ్యి పులి. ముందు నీళ్ళు. గాలి వెనక నుంచి కొట్టకూడదు. అప్పుడే పోయినవాడు స్థిమితంగా కూర్చుంటాడు, ఇంట్లోవాళ్ళు బాగుంటారు. మా తాత ఎముకల్ని రెండుసార్లు తవ్వి వేరే చోటికి మార్చారు. నాన్న చిన్నతనంలో అది కళ్ళారా చూశాడు. అందుకే, నన్ను మాత్రం కదిలించొద్దు, ఎక్కడ పోతే అక్కడే పెట్టండి అనేవాడు. కానీ ఈ దేశమంతా బల్లలా చదును. మూడేళ్ళు తిరిగాడు. చివరికి కంపెనీ వాళ్ళ పాత సమాధుల తోట వెనకాల ఇసుక కొండ కనిపించింది. రెండు చేతులు చాపి ఉంది. ఎదురుగా సముద్రం. ఆ రోజు ఉత్తరంలో రాశాడు, నాకు కుర్చీ దొరికిందమ్మా అని."

"గుంజ ఎక్కడ పాతాలో ఓబులేసుకి ఎలా తెలుస్తుంది?"

"నాన్న కాగితం రాసి పెట్టాడు. కొండ కుడి చేతి కొన దగ్గర నిలబడాలి. అక్కణ్ణించి ఎడమ చేతి కొన వైపు ముప్పై అడుగులు. గోడలు మనుషులు కట్టినవి, వాటినిబట్టి కొలవొద్దు, కొండని బట్టే కొలవాలి అనేవాడు. మిస్టర్ వెస్లీ దిక్కు చూసి సరే అనాలి. అనేదాకా పాతిన గుంజని వదలకూడదు. డ్రైవరుకి ఈ మాట నేనే చెప్పాను. ఇతను ఇంగ్లీషు మాటని వాళ్ళ భాషలో చెప్పాడు." సియూ వరండా వైపు చూపించింది.

"ఊదుబత్తులు కూడా వెలిగించారా?"

"మూడు. పొగ ఎటు పోయిందని మిస్టర్ వెస్లీని అడిగాను. నేరుగా పైకి లేచిందన్నాడు." ఆవిడ కళ్ళు మొదటిసారి చెమర్చాయి. "నాన్నకి చోటు నచ్చిందన్నమాట."

టాన్ విసుగ్గా లేచాడు. "ఇదంతా మీ రిపోర్ట్‌కి దేనికి? గుంజ పాతడం అయిపోయింది. తిరిగొచ్చాక కారుతో వాడు పోయాడు. అంతే."

జయకుమారి వరండాలోకి వచ్చింది. వెస్లీ లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే క్రైస్తవ సంఘం. శుక్రవారం ప్రార్థనలో వాక్యం చదివేది అతనే. వచ్చే నెల అతన్ని సంఘపెద్దగా నిలబెట్టాలని అందరూ అనుకుంటున్నారు.

"వందనాలు సిస్టర్. మీరొచ్చారా."

"వందనాలండి. నాలుగు మాటలు అడగాలి. తోటకి ఎన్నింటికి చేరారు?"

"ఐదున్నరకి."

"గుంజ?"

"ఐదూ యాభైకి దిగ్గొట్టాం."

"తిరిగి?"

"ఎనిమిదింటికి నన్ను కాలనీ గేటు దగ్గర దింపాడు. పెట్రోలు కొట్టించుకొస్తానన్నాడు. నేను ఇంటికెళ్ళి స్నానం చేసి పదిన్నరకి ఇక్కడికొచ్చాను. కారు లేదు."

"ఓబులేసు ఏమైనా అన్నాడా దారిలో?"

"ఏమీ అనలేదండి. ఇల్లు, పాప, అంతే."

"గుంజ పాతినట్టు ఏదైనా రుజువుందా?"

అతను చొక్కా జేబులోంచి ఫోటో తీశాడు. అప్పటికప్పుడే బయటికొచ్చే ఫోటో, తెల్లటి అంచుతో. ఇసుకలో ఎర్రగుడ్డ కట్టిన గుంజ. దాని వెనక తెల్లటి ప్రహరీ. ప్రహరీ ముందు వరసగా ఐదు సిలువలు. ఆ వెనక దూరంగా ఇసుక కొండ.

"మంచి ఫోటో," అంది జయకుమారి. "నేను ఉంచుకోవచ్చా?"

"ఉంచుకోండి." అతను రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "పాపం సిస్టర్. మంచివాడనుకున్నాను."

ఒంటిగంటా ఇరవై ఐదు. ఆమె హాల్లో ఫోన్ తీసుకుంది.

సెక్యూరిటీ సూపర్‌వైజర్ మొహియుద్దీన్ గారు నిజామాబాద్ మనిషి. రిటైరవడానికి ఏడాది ఉంది.

"ముద్ర పడ్డదా బేటీ?"

"లేదు సార్. కాలనీ గేటు రిజిస్టర్‌లో ఏముంది?"

"నాలుగు యాభై ఎనిమిదికి కారు బయటికి పోయింది. ఇద్దరున్నరు. దక్షిణం దిక్కు పోయింది."

"మళ్ళీ లోపలికి?"

"రాలే."

"ఎనిమిదింటికి గేటు దగ్గర వెస్లీ గారిని దింపిందట."

"గేటు బయట దింపితే రాయరు."

"దోహా రోడ్డు చెక్‌పోస్ట్‌లో?"

"ఆళ్ళు చూడలేదంటున్నరు. ఆళ్ళు ఎన్నడు చూసిన్రు గనుక?"

"తోట దగ్గర వెతికించారా సార్?"

"పన్నెండుంబావుకి గస్తీ జీపు పోయి వచ్చింది. గేటు కాడ కారు లేదు, మనిషి లేడు. ఇగ ఏమున్నది? మూడింటికల్లా కాగితం నా టేబుల్ మీద ఉండాలె."

"ఇంకోసారి జీపు పంపండి సార్."

"ఎక్కడికి పంపాలె? గింత ఎడారి. రెండు జీపులు, నలుగురు మనుషులు." ఆయన గొంతు తగ్గింది. "నాకు మాత్రం మనసు లేదా బేటీ? నువ్వు చోటు చెప్పు. ఇదిగో ఈ చోటు అని చెప్పు. నేనే పోత."

ఫోన్ పెట్టేసింది. గడియారం చూసింది. గంటన్నర ఉంది. చోటు చెప్పాలి. ఎక్కడని చెప్పాలి?

ఆమె మళ్ళీ వంటింట్లోకే వెళ్ళింది. వేరే వెళ్ళడానికి చోటు లేక వెళ్ళింది. ఆంజనమ్మ ఇంకా గోడవైపే తిరిగి ఉంది. కిటికీ బయట పెరట్లో తెగిపోయిన దండెం కనిపిస్తోంది. దుప్పట్లు ప్రహరీ మూలకి కొట్టుకుపోయి, ఇసుక పట్టి ఉన్నాయి.

"దండెం ఎప్పుడు తెగింది?"

"తెల్లారుజామున."

"ఎన్నింటికి?"

"ఏమో. ఆయప్ప పోయినంక. వారమయ్యె ఈ పాడు గాలి. ఇయ్యాల మరీ జాస్తి. నిలబడనీలేదు. ఏడు దాటినంక తగ్గింది."

జయకుమారి కిటికీకి దగ్గరగా జరిగింది.

దండెం తెగిపోయేంత గాలి. ఐదూ యాభైకి పొగ నేరుగా పైకి లేచిందా?

ఫోటో తీసింది. కిటికీ వెలుగులో పెట్టి చూసింది. గుంజకి కట్టిన ఎర్రగుడ్డ కిందికి వేలాడుతోంది. ముడతలు కూడా కదలకుండా ఉన్నాయి.

అప్పుడు ఆమె గుంజని వదిలేసి వెనకాల చూసింది. తెల్లటి ప్రహరీ. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు సిలువలు.

ఆమె ఫోటోని ఫైల్లో పెట్టుకుంది.

"ఆంజనమ్మా, లే."

"ముద్దర నేనెయ్యను."

"ముద్ర కోసం కాదు. హాల్లోకి రా."

ఒంటిగంటా నలభై.

టాన్, సియూ సోఫా మీద. ఆంజనమ్మ గోడవారన. వెస్లీని జయకుమారే చెయ్యి పట్టినంత పని చేసి లోపలికి పిలిచింది. అతను పెద్దాయన ఫోటోకి వీపు పెట్టి నిలబడ్డాడు.

జయకుమారి గొంతు సన్నగా వచ్చింది. కానీ ఆగలేదు. తెలుగులో అడిగి, ఆ వెంటనే ఇంగ్లీషులో చెప్పుకుంటూ వచ్చింది.

"వెస్లీ గారూ, ఈ ఫోటో ఈ రోజు తీసిందేనా?"

"ఆ. పొద్దున్నే."

"గాలి ఉందా అక్కడ?"

"గాలా? పెద్దగా లేదు."

"ఇక్కడ దండెం తెగింది. అక్కడ గుడ్డ కదల్లేదు."

"అక్కడ కొండ అడ్డం ఉంది సిస్టర్."

"కొండ ఎక్కడుంది?"

"తోట వెనకాల. ఫోటోలో కనబడుతోంది కదా."

"ఎంత దూరంలో?"

"యాభై, అరవై గజాలు."

"సిలువలు ఎన్ని?"

"ఐదు."

"ఐదూ ఈ రోజు మీ కళ్ళతో చూశారా?"

"చూశానండి."

"ఈస్టర్‌కి మీరు తోటకి వచ్చారా?"

"లేదు. ఫ్యాక్టరీ షట్‌డౌన్ డ్యూటీలో ఉన్నాను."

"ఏప్రిల్ ఏడు. నేను వచ్చాను." ఆమె సియూ వైపు తిరిగింది. "మా వైపు ఈస్టర్ రోజు తెల్లవారకముందే సమాధుల దగ్గరికి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తాం మేడమ్. ఇక్కడ మాకు సొంత సమాధులు లేవు. అయినా, ఎవరో ఒకళ్ళ మనుషులే కదా అని ఏటా ఆ తోటకి వెళ్తాం. ఈసారి కొవ్వొత్తి పెట్టడానికి చోటు దొరకలేదు. వెనక ప్రహరీ లేదు. ఇసుక కింద ఉంది. ఐదు సిలువల్లో రెండే బయట ఉన్నాయి. మూడోదాన్ని నేను చేతులతో తవ్వాను. అడ్డ కొయ్య దాకా తవ్వేసరికి తెల్లారిపోయింది."

"ఇసుక కింద ఎందుకుంది?" అన్నాడు టాన్.

"కొండ జరిగింది సార్. వాయవ్యం గాలికి అక్కడి ఇసుక కొండలు ఏడాదికి ఇరవై, ముప్పై గజాలు ముందుకి జరుగుతాయి. కంపెనీ పైపులైన్ వాళ్ళని అడగండి, చెప్తారు. రెండేళ్ళలో ఆ కొండ తోట మీదికి వచ్చేసింది. కాబట్టి ఐదు సిలువలున్న ఈ ఫోటో ఈ రోజుది కాదు. పెద్దాయన చోటు చూసుకున్న రోజుది. ఈ గుంజ ఆయన పాతుకున్న గుంజ."

టాన్ ఆమె చేతిలోంచి ఫోటో తీసుకుని చూశాడు.

"వెస్లీ గారు ఈ రోజు అక్కడికి వెళ్ళలేదు," అంది జయకుమారి.

వెస్లీ గోడకి ఆనుకున్నాడు.

"ఎక్కడ దిగారు?"

అతను రుమాలు కోసం జేబు తడుముకున్నాడు.

"బ్రదర్, ఎక్కడ దిగారు?"

"చేపల జెట్టీ దగ్గర. మలబారీ టీకొట్టు."

"ఎన్నింటికి?"

"ఐదుంబావుకి."

"ఎందుకు?"

"ఆ ఊదుబత్తులు నేను ఎలా వెలిగిస్తానండి?" అతను రెండు అరచేతులూ చూపించాడు. "ఆ గుంజకి మొక్కాలి, దండం పెట్టాలి. శుక్రవారం పిల్లలకి పాఠం చెప్పే చేతులు. సంఘంలో తెలిస్తే? సార్‌కి కుదరదని చెప్పలేను, ఆయన కింద పనిచేస్తున్నాను. తోటకి దారి చెప్పి, నువ్వెళ్ళి కానిచ్చేసి రా, దిక్కు తర్వాత నేనొచ్చి చూస్తాను, ఎనిమిదింటికి ఇక్కడికొచ్చి నన్నెక్కించుకో అన్నాను ఓబులేసుతో. సరే సార్ అన్నాడు. తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాను. రాలేదు. పారిపోయాడనే అనుకున్నాను సిస్టర్. దేవుడి సాక్షిగా."

"అనుకున్నావా," అంది ఆంజనమ్మ. "అనుకుంటే సుకంగా ఉన్న్యాదా సారూ?"

టాన్ అతని మీదికి లేవబోయాడు. సియూ తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆపింది. "ముందు డ్రైవరు సంగతి చూడు. ఎక్కడున్నాడు?"

"పెద్దాయన కాగితమే చెప్తోంది మేడమ్," అంది జయకుమారి. "కొండ కుడి చేతి కొన దగ్గర నిలబడమంది. గోడని బట్టి కొలవొద్దంది. ఓబులేసు ఆ చోటు ఎరగడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. తోట గేటు దగ్గర ఆగకుండా కొండ చెయ్యి పట్టుకుని చివరిదాకా పోయాడు. ఆ చెయ్యి ఇప్పుడు తోట దాటి సముద్రం వైపు ఉప్పు పర్రలోకి దిగింది. మా నరసాపురంలో పర్ర ఎలా ఉంటుందో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పైన పెంకు గట్టిగా ఉంటుంది. కింద బురద. రాయచోటి మనిషికి అది మామూలు నేలే. కారు దిగబడి ఉంటుంది. గస్తీ వాళ్ళు గేటు దగ్గర చూసి వెనక్కి తిరిగారు. మధ్యలో కొండ అడ్డం."

"దిగబడితే నడిచి రావచ్చు కదా?" అన్నాడు టాన్.

సియూ మొహం తెల్లబడింది.

"గుంజని వదలొద్దన్నాను," అంది ఆవిడ. "మిస్టర్ వెస్లీ వచ్చి సరే అనేదాకా."

జయకుమారి అప్పటికే ఫోన్ తిప్పుతోంది.

"సార్, చోటు చెప్తాను. రాసుకోండి."

ఒంటిగంటా యాభై ఎనిమిది.

రెండూ పదికి జీపు వచ్చింది. మొహియుద్దీన్ గారు అన్నట్టే తనే ముందు కూర్చున్నారు. వెనక ఆంజనమ్మ, జయకుమారి, ఇద్దరు గార్డులు. వెస్లీ పిలవకుండానే వచ్చి చివర ఎక్కాడు. పొమ్మని ఎవరూ అనలేదు. వెనకాల డిస్పెన్సరీ అంబులెన్స్.

దారంతా ఆంజనమ్మ ముందు సీటు కడ్డీని పట్టుకుని రోడ్డునే చూస్తూ కూర్చుంది. జయకుమారి ఒకసారి ఆమె చేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నెమ్మదిగా తప్పుకుంది.

రెండూ యాభైకి తోట గేటు దాటారు. ఈస్టర్‌కి బయట ఉన్న రెండు సిలువలు కూడా ఇప్పుడు లేవు.

కొండ కుడి చెయ్యి పొడుగ్గా, వంపు తిరిగి, తెల్లటి పర్రలోకి పోయింది. అంబులెన్స్ గట్టి నేల మీదే ఆగింది. జీపు ఇంకొంచెం ముందుకి పోయి ఆగింది.

"అగో," అన్నారు మొహియుద్దీన్ గారు.

కారు తలుపుల దాకా దిగబడి ఉంది. లోపల ఎవరూ లేరు. ముందు సీట్లో రెండు ఖాళీ బాటిళ్ళు.

అక్కణ్ణించి ముప్పై అడుగుల దూరంలో ఎర్రగుడ్డ. గుంజ నిటారుగా ఉంది. దాని పక్కన మనిషి పక్కకి ఒరిగి పడున్నాడు. చొక్కా విప్పి, ఎండ తగలకుండా పలక మీద కప్పాడు. తన వీపు మీద ఏమీ లేదు. గొడుగు ఏ గాలికి పోయిందో పోయింది.

ఆంజనమ్మ చెప్పులు వదిలేసి పరిగెత్తింది. పెంకు పగిలి పిక్కల దాకా దిగబడింది. లేచి మళ్ళీ పరిగెత్తింది. ఆమె వెనకే వెస్లీ.

ఓబులేసు పెదాలు పగిలి నల్లబడ్డాయి. గార్డు తడిగుడ్డ పెట్టాడు. రెండు నిమిషాలు. మూడు నిమిషాలు. గొంతు కదిలింది.

"ఎస్లీ సారొచ్చినాడా?" గాలి వచ్చినట్టు వచ్చింది మాట. "సూడమను. ముప్పై అడుగులే ఏసినా. కదల్లా నేను."

వెస్లీ బురదలో మోకాళ్ళ మీద ఉన్నాడు. అతన్ని భుజానికెత్తుకున్నాడు. అంబులెన్స్ దాకా రెండు వందల గజాలు. రెండుసార్లు పడబోయాడు. ఎవరికీ ఇవ్వలేదు.

అంబులెన్స్‌లో ఫిలిప్పీన్స్ అటెండెంటు చేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించాడు. నాడి చూశాడు. కనురెప్పలు ఎత్తి చూశాడు.

"బతుకుతాడు," అన్నాడు ఇంగ్లీషులో. "ఇంకో గంటైతే నేను చెప్పలేను."

జయకుమారి ఆ మాట తెలుగులో చెప్పింది. ఆంజనమ్మ విన్నట్టు లేదు. మెట్టెక్కి లోపల భర్త పాదాల దగ్గర కూర్చుని, ఆ పాదాలకి పట్టిన ఉప్పు పెంకుల్ని ఒక్కొక్కటే వలుస్తోంది.

జయకుమారి మెట్టు మీద కాలు పెట్టింది. "నేనూ వస్తాను ఆంజనమ్మా. ఆసుపత్రిలో భాష కావాలి కదా. డాక్టరు అడిగేవి చెప్తాను."

ఆంజనమ్మ తలెత్తి ఆమెని చూసింది. కోపం లేదు ఆ చూపులో. దారిన పోయే మనిషిని చూసినట్టు చూసింది.

"లోపల తావు లేదమ్మా," అంది.

అటెండెంటు పక్క బెంచీ మొత్తం ఖాళీగా ఉంది. జయకుమారి కాలు వెనక్కి తీసుకుంది. ఆంజనమ్మ ముందుకి వంగి, రెండు చేతులా తలుపు లాగి మూసుకుంది.